బాలానగర్ సీతాఫలము - పూత నిలుపుకొను విధము

సీతాఫలము గుట్టలలో దానంతటదే పెరుగు చెట్టు గదా, దానికి సేద్యమెందుకని కొందరు రైతులు అడుగుదురు. చెట్టు బ్రతుకుటకు సేద్యము అక్కరలేదు. మేకలు సయితము దాని ఆకు ముట్టవు. కాని కాయ నిలుచుటకు మీ చేయి అవసరము.

మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ పేర ప్రసిద్ధికెక్కిన ఈ రకము పండు పెద్దది, గుజ్జు మిక్కిలి తీపి. గింజ మొక్కలు తల్లిని పోలి ఉండునను నమ్మకము లేదు గనుక అంటు మొక్కలనే కొనుడు. చల్క, గరప నేలలు అనుకూలము. నీరు నిలుచు నేల పనికిరాదు. 16 అడుగుల ఎడముగా నాటినచో ఎకరమునకు సుమారు 170 మొక్కలు పట్టును.

చెట్టు నిండ పూసి, పూతంతయు రాలిపోయినచో అది తెగులని భావింపవలదు. కారణము పూవులోనే ఉన్నది. రేకులు కొంచెము విడుచున్నప్పుడే నడుమనున్న కీలాగ్రము జిగటగా ఉండి పుప్పొడిని స్వీకరించును. ఆ పూవు పుప్పొడి రాలునాటికి కీలాగ్రము ఎండిపోవును. తేనెటీగలు ఈ పూవుల జోలికి అంతగా రావు. చిన్న పెంకుపురుగులే పుప్పొడిని మోయవలెను. వేసవి పూత ఎండకు మాడి రాలుటయు, తొలకరి తరువాతి పూత మెరుగుగా నిలుచుటయు మీరు చూచియే ఉందురు. గాలిలో తేమ ఉన్నచో కీలాగ్రము త్వరగా ఎండదు.

కావున తెల్లవారుజామున పూర్తిగా విచ్చిన పూవులను కోసి, పుప్పొడిని చిన్న గిన్నెలోనికి దులుపుకొనుడు. ఎండ ముదరకముందే మెత్తని కుంచెతో, రేకులు అప్పుడే విడుచున్న పూవులలో అద్దుడు. కీలాగ్రము చుట్టును అంటవలెను. ఒక ప్రక్కనే అంటినచో కాయ వంకరగా పెరుగును. ఏలయన పండుపై కనిపించు ఒక్కొక్క కన్ను ఒక్కొక్క అండకోశము నుండి ఏర్పడినదే. పని ఓపికతో కూడినది, ఇంటిల్లిపాదికి చేతనైనది. మొదట నాలుగైదు చెట్లపై చేసి, మిగిలిన చెట్లతో పోల్చి చూడుడు.

కాయలపై పిండినల్లి చేరును. దానిని చీమలు మోయును గనుక మొదలు చుట్టు ప్లాస్టిక్ పట్టీ కట్టి గ్రీజు పూయుడు. నల్లబడి కొమ్మకే ఎండిన కాయలను ఏరి కాల్చివేయవలెను.

కండ్ల నడుమ గాడులు విచ్చి లేత పసుపు రంగుకు తిరిగినప్పుడు కోయుడు. దసరా ధరకు ఆశపడి ముందే కోసిన కాయ మెత్తబడక నల్లబడును. సరిగా కోసినది మూడు నాలుగు దినములలో పండును. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టరాదు.