అపరాల వేళ్లయందలి ధనము

మన పొలములపై నావరించియున్న గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను పైరులు దానిని నేరుగా గ్రహింపజాలవు. అందుచే యూరియాను, దానిని తయారుచేయుటకు వలయు సహజవాయువును విదేశములకు ధనమిచ్చి తెప్పించుకొనుచున్నాము.

అపరాల పైరులకు మాత్ర మీ యిక్కట్టు లేదు. మినుము, పెసర, కంది, సెనగ, వేరుసెనగ మొదలగువాని వేళ్లపై చిన్న బుడిపెలు కానవచ్చును. వానిని తెగులని భ్రమపడువారును కలరు. ఈ బుడిపెలవలననే యా పైరులకు గాలిలోని నత్రజని లభించుచున్నదని 1886లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్రీగెల్ వెల్లడించెను. 1888లో హాలెండు దేశీయుడు బైయెరింక్ వానియందలి సూక్ష్మజీవులను వేఱుచేసి పెంచెను. ఇవియే రైజోబియములు. మొక్క వీనికి చక్కెర నిచ్చును. ఇవి మొక్కకు నత్రజని నొసగును. వరికోతకు ముందు మినుములు, పెసలు చల్లు మన డెల్టా కర్షకులు అపరాలు భూమికి బలమిచ్చునని యనుభవముచే నెఱిగినవారే. శాస్త్రము దానికి హేతువును చూపినది.

అయితే ఒక పైరునకు తగిన జీవి వేఱొకదానికి తగకపోవచ్చును. సెనగకు వలసినది వేరుసెనగకు పనికిరాదు. ఏటేట నదే పైరు పండు నేలలో తగిన జీవులు ముందే యుండవచ్చును గాన, అచ్చట లాభము స్వల్పము. ఆ పైరును క్రొత్తగా వేయు భూమిలోనే ఫలము స్పష్టముగా కాన్పించును.

పద్ధతి సులభము. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లము మరిగించి చల్లార్చి, 8 కిలోల మినుము విత్తనములపై చల్లి, 200 గ్రాముల రైజోబియపు పొడిని పట్టించి, నీడ నారబెట్టి వెంటనే విత్తవలెను. తెగులు మందు పట్టింపవలసినచో ముందు దానిని, చివర దీనిని పట్టింపవలెను. యూరియా మితిమీరినను, భాస్వరము కొఱవడినను బుడిపెలు తగ్గును. పూతవేళ నొక మొక్కను త్రవ్వి బుడిపెను కోసి చూడుడు. లోపల నెఱ్ఱని ఛాయ యున్నచో నది పనిచేయుచున్నదని గుర్తు.

2006లో కేంద్రప్రభుత్వము జీవన ఎరువులను ఎరువుల నియంత్రణపు టుత్తరువులో చేర్చి, రైజోబియపు పొడిలో గ్రామునకు 5 కోట్లకు తక్కువ గాకుండ సజీవకణము లుండవలెనని విధించినది. కాని ఎండవేడిమిలో దుకాణమున పడియున్న పొట్లములో జీవు లెట్లు బ్రతుకును? చచ్చిన పొట్లమును కొని నష్టపడిన రైతు శాస్త్రమునే నిందించును. శాసనము కాగితముపై నున్నంత మాత్రమున చాలదు. చల్లని గిడ్డంగులును, తఱచైన తనిఖీలును వలయును. కొనువారును గడువు తేదీని చూడక పైకము చెల్లింపరాదు. గ్రామమునకు పెద్దలైన భూస్వాములు ముందుగా నొక మడిలో దీనిని ప్రయోగించి, ప్రక్కమడితో పోల్చి తోటివారికి చూపుదురుగాక! గాలిలోని ధనమును గడించుకొనుటకు పరదేశము ననుమతి యడుగ నక్కఱలేదు.