తప్పు జవాబు వెనుక ఆలోచన

"వీడికి తలకెక్కదండీ!" ఈ మాట తల్లిదండ్రుల నోట మేము ఎన్నోసార్లు విన్నాం. ఉపాధ్యాయులమైన మేమూ అన్నాం. అయితే ఆ తలలో ఏం జరుగుతోందో మాత్రం విచారించలేదు. దానిని విచారించేదే మనోవిజ్ఞాన శాస్త్రంలో సంజ్ఞానాత్మక దృక్పథం. అవధానం, జ్ఞాపకం, ఆలోచన, భాష, సమస్యా పరిష్కారం దీని పరిధిలోకి వస్తాయి.

1913లో అమెరికాలో వాట్సన్ ప్రవర్తనావాదాన్ని ప్రతిపాదించాడు. బయటికి కనిపించే ప్రవర్తననే శాస్త్రం పరిశీలించాలన్నాడు. దాంతో ఉద్దీపనకు, ప్రతిస్పందనకు నడుమ మనసులో జరిగేది చాలాకాలం పక్కనబడింది. 1950ల నుండి కంప్యూటర్‌తో పోలుస్తూ, మనసు సమాచారాన్ని ఎలా తీసుకుంటుంది, ఎలా దాచుకుంటుంది, ఎలా వాడుకుంటుంది అని మళ్లీ అడగసాగారు. 1967లో ఉల్రిక్ నైసర్ రాసిన గ్రంథంతో 'కాగ్నిటివ్ సైకాలజీ' అనే పేరు స్థిరపడింది.

అంతకు ముందే స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే ఈ దారి తొక్కాడు. 1920 ప్రాంతంలో పారిస్‌లో పిల్లలకు తెలివితేటల పరీక్షలు పెడుతున్నప్పుడు, సరైన జవాబులకంటే తప్పు జవాబులే ఆయనను ఆకర్షించాయి. ఒక వయసు పిల్లలు తరచు ఒకే తరహా తప్పు చేస్తున్నారు. అంటే దాని వెనుక ఏదో ఆలోచన ఉందన్నమాట.

ఇది మాకు తరగతి గదిలోనే అర్థమైంది. ఒక బాబు 43లో నుండి 28 తీసివేసి 25 అని రాసేవాడు. కొట్టివేశాం, పదేసిసార్లు రాయించాం. మార్పు లేదు. వాళ్ల నాన్న అతన్ని బడి మాన్పించి మెకానిక్ షెడ్డులో పెడతానన్నారు. ఆ రోజు పక్కన కూర్చోబెట్టుకొని, "ఎలా చేశావు నాన్నా?" అని మొదటిసారి అడిగాం. "8లో 3 పోతే 5, 4లో 2 పోతే 2. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని మీరే చెప్పారు కదా సార్!" అన్నాడు. మేము తలదించుకున్నాం. పదేసి పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు మూడు ఇచ్చాం. ఒక కట్ట విప్పగానే 13 పుల్లలయ్యాయి. అందులో 8 తీస్తే 5. మిగిలిన మూడు కట్టల్లో రెండు తీస్తే ఒకటి. "15 సార్!" అన్నాడు.

మరొక సంగతి. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేది కొద్దిగానే. ఏడు అంశాలు, రెండు అటూ ఇటూగా, అని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. 194719562014 అనే 12 అంకెలు విని అప్పజెప్పడం కష్టం. దేశానికి స్వాతంత్ర్యం, ఆంధ్రప్రదేశ్ అవతరణ, తెలంగాణ ఏర్పాటు జరిగిన సంవత్సరాలని తెలిస్తే అవి మూడే అంశాలు. కొత్త పాఠాన్ని తెలిసినదానితో ముడివేయాలనేది ఇందుకే.

పిల్లలకు మనం పుస్తకాలు, ఫీజులు సమకూరుస్తున్నాం. వాటితోపాటు ఒక ప్రశ్న కూడా ఇద్దాం: "ఎలా చేశావు?" దీనికి డబ్బు అక్కరలేదు. చదువురాని తల్లి కూడా దీనిని అడగగలదు. కోపంగా కాకుండా అడిగి, చివరిదాకా వింటే చాలు.