వార్తల్లో పదం: పల్మనరీ హైపర్‌టెన్షన్

చేతికి పట్టీ చుట్టి చూసే బీపీలో ఇది దొరకదు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని మోసే ధమనుల్లో ఒత్తిడి పెరగడమే పల్మనరీ హైపర్‌టెన్షన్. అక్కడ సగటు ఒత్తిడి మామూలుగా 14 మి.మీ. దగ్గర ఉంటుంది, 20 దాటితే జబ్బు కిందే లెక్క. గట్టిగా తేల్చాలంటే గుండెలోకి క్యాథెటర్ పంపి కొలవాల్సిందే. ఆయాసం, నీరసం, కాళ్ల వాపు కనిపిస్తాయి. రక్తహీనతో, ఆస్తమానో అనుకుని చాలామంది రోజులు గడిపేస్తారు.

మరి ఈ జబ్బుకు బీట్‌రూట్ రసం మేలు చేయొచ్చన్న మాట ఎందుకొచ్చింది? బీట్‌రూట్, పాలకూర, తోటకూరల్లో నైట్రేట్ దండిగా ఉంటుంది. అది రక్తంలో కలిశాక లాలాజల గ్రంథులు కొంత భాగాన్ని మళ్లీ నోట్లోకి తెస్తాయి. నాలుక మీది బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఒంట్లో అదే నైట్రిక్ ఆక్సైడ్ అయి రక్తనాళాలను వదులు చేస్తుంది. (క్రిములను చంపే మౌత్‌వాష్‌తో రోజూ పుక్కిలించేవాళ్లు ఈ పనికి నోట్లోనే గండి కొడుతున్నట్టు!) నైట్రిక్ ఆక్సైడ్ గుట్టు విప్పినందుకే 1998లో ముగ్గురు అమెరికన్లకు వైద్య నోబెల్ దక్కింది. ఈ జబ్బుకు వాడే సిల్డెనాఫిల్ పనిచేసేదీ ఆ దారిలోనే.

లండన్ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, నైట్రేట్ ఇచ్చిన ఎలుకలకు ఊపిరితిత్తుల ఒత్తిడి, గుండె కుడిగది మందం అంతగా పెరగలేదు. ఎలుకల సంగతి సరే, మనుషుల్లో జరిగిన పరీక్షలు చిన్నవి. గ్లాసుడు రసాన్ని నమ్ముకుని మాత్రలు ఆపేయడం ప్రమాదం. బీట్‌రూట్‌లో ఆక్సలేట్లూ ఎక్కువే. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్ని అడిగాకే తాగాలి.