మీకు తెలుసా? మసక గింజలో బయటపడిన లైసిన్

మొక్కల ప్రోటీన్‌ను 6 నార్మల్ గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 24 గంటలు వేడిచేస్తే, అమైనో ఆమ్లాలను కలిపి ఉంచే పెప్టైడ్ బంధాలు తెగిపోతాయి. విడివడిన ఆమ్లాలను రెజిన్ నింపిన గొట్టం గుండా పంపి వేరుపరచి, నిన్‌హైడ్రిన్ అనే రసాయనంతో వచ్చే రంగు గాఢతను బట్టి ఒక్కొక్కదాని పరిమాణాన్ని లెక్కగడతారు. (ట్రిప్టోఫాన్ మాత్రం ఈ ప్రక్రియలో నశిస్తుంది గనుక దానిని విడిగా కొలవవలసిందే.) మొక్కజొన్న గింజలోని ప్రధాన నిల్వ ప్రోటీన్ అయిన జెయిన్‌లో గ్లుటమిన్, ల్యూసిన్, ప్రోలిన్ మెండుగా ఉండగా, మానవ దేహం స్వయంగా తయారుచేసుకోలేని లైసిన్ దాదాపు శూన్యం, ఈ పాళ్లే దానిని గుర్తుపట్టిస్తాయి.

1964లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎడ్విన్ మెర్ట్జ్, లిన్ బేట్స్, ఆలివర్ నెల్సన్, అంతకుముందు కేవలం మసకబారిన గింజల వింతగానే తెలిసిన ‘ఒపేక్-2’ మొక్కజొన్న రకాన్ని ఇలా విశ్లేషించగా, దాని అంకురచ్ఛదంలో, అనగా గింజలోని పిండిభాగంలో, లైసిన్ సాధారణ గింజలకంటే 69 శాతం అధికంగా కనిపించింది. జెయిన్ తగ్గి, లైసిన్ గల ఇతర ప్రోటీన్ల వాటా పెరగడమే అందుకు కారణం. అయితే ఆ గింజలు మెత్తనివై, పురుగులకు సులభంగా లొంగి, దిగుబడి కూడా తక్కువ కావడంతో రైతులు ఆదరించలేదు. ఆ లోపాలను సరిదిద్ది మేలైన ప్రోటీన్ గల మొక్కజొన్నను రూపొందించిన సురీందర్ వాసల్, ఎవాంజెలీనా వియేగాస్‌లకు 2000లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది.