డ్రిల్‌లో తప్పు దొరికితే మంచిదే!

అంబులెన్స్ వచ్చి ఆగుతుంది. తల నుంచి పాదాల దాకా తెల్లటి కిట్లు తొడుక్కున్న సిబ్బంది స్ట్రెచర్ తోసుకుంటూ పరుగెడతారు. పక్కనే ఒకరు గడియారం చూసి ఏదో రాసుకుంటుంటారు. తీరా చూస్తే, స్ట్రెచర్ మీదున్న మనిషికి జబ్బే లేదు! మర్నాడు పేపర్లో ‘మాక్ డ్రిల్’ అని ఫొటో వస్తుంది. అది చూసి ‘ఇదంతా ఫొటోల కోసమేలే’ అని మీరూ ఎప్పుడో అనుకునే ఉంటారు. మొక్కుబడిగా చేస్తే ఆ మాట నిజమే. పద్ధతిగా చేస్తే మాత్రం, రేపు మీ పసిబిడ్డతో ఓపీ వరసలో కూర్చున్నప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ డ్రిల్లే.

ఆ రెండూ ఒకటి కాదు

కొవిడ్ రోజుల్లో క్వారంటైన్, ఐసోలేషన్ అనే మాటలు ఇంటింటికీ తెలిశాయి. కానీ ఇప్పటికీ చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. లక్షణాలు ఉన్నవారిని విడిగా ఉంచి వైద్యం చేయడం ఐసోలేషన్. రోగికి దగ్గరగా మెలిగినా ఇంకా ఏ లక్షణమూ లేనివారిని కొన్నాళ్లు విడిగా ఉంచి గమనించడం క్వారంటైన్. ఈ ఇద్దరినీ ఒకే గదిలో పెడితే, జబ్బు లేనివారికి మనమే అంటించినట్టు. అందుకే గదులు, బాత్రూమ్‌లు, వచ్చిపోయే దారులు వేర్వేరుగా ఉన్నాయో లేదో డ్రిల్‌లో ముందుగా చూడాలి.

కోజికోడ్ చెప్పిన పాఠం

2018 మే నెలలో కేరళలోని కోజికోడ్ ప్రాంతంలో నిఫా వైరస్ బయటపడింది. మొదటి రోగికి వచ్చింది నిఫా అని అప్పట్లో ఎవరికీ తెలియదు. ఆయన చనిపోయి, అదే కుటుంబంలో మరొకరు జబ్బుపడ్డాకే గుర్తించగలిగారు. ఈలోగా వైరస్ సోకినవారిలో ఎక్కువమందికి అది అంటింది ఆసుపత్రుల్లోనే. మొదటి రోగికి సేవలు చేసిన పేరాంబ్ర తాలూకా ఆసుపత్రి నర్సు లిని కూడా ప్రాణాలు కోల్పోయారు. మొత్తం 17 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఎర్నాకుళంలో ఒక విద్యార్థికి నిఫా వచ్చింది. ఈసారి అతనికి దగ్గరగా మెలిగినవారిని వెతికి, పరిశీలనలో ఉంచారు. అతను కోలుకున్నాడు, మరొకరికి సోకలేదు. వైరస్ అదే. ఈసారి యంత్రాంగానికి ఏం చేయాలో ముందే తెలుసు.

న్యూయార్క్‌లో ‘నటించిన’ రోగులు

2015 చివరి నుంచి 2016 మధ్య వరకు న్యూయార్క్ నగరంలో ఆరోగ్యశాఖ ఒక పరీక్ష పెట్టింది. జ్వరం, దద్దుర్లు ఉన్నాయంటూ కొందరు, విదేశం నుంచి వచ్చాక జ్వరం, దగ్గు అంటూ మరికొందరు రోగుల్లా నటిస్తూ ఎమర్జెన్సీ విభాగాలకు వెళ్లారు. 49 ఆసుపత్రుల్లో ఇలాంటి డ్రిల్స్ 95 జరిగాయి. 78 శాతం డ్రిల్స్‌లో ‘రోగి’కి మాస్కు ఇచ్చి విడి గదికి పంపారు. సిబ్బంది చేతులు శుభ్రం చేసుకున్నది మాత్రం 36 శాతంలోనే.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది మరో లెక్క. ‘ఈమధ్య ఎక్కడికైనా వెళ్లొచ్చారా?’ అని అడిగినచోట 88 శాతం సందర్భాల్లో రోగిని సరిగ్గా వేరుచేశారు. అడగనిచోట అది 21 శాతమే. ఖరీదైన యంత్రం కాదు, ఒక్క ప్రశ్న తెచ్చిన తేడా ఇది.

డ్రిల్‌లో ఏం చూడాలి?

మనదేశంలో కొవిడ్ సన్నద్ధత కోసం 2022 డిసెంబరు 27న, మళ్లీ 2023 ఏప్రిల్ 10, 11 తేదీల్లో ఆసుపత్రుల్లో మాక్ డ్రిల్స్ జరిగాయి. పడకలు, ఆక్సిజన్, వెంటిలేటర్లు, మందులు సరిచూశారు. అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం అవసరమే. కానీ ఆక్సిజన్ ప్లాంటు ఉండటం వేరు, అర్ధరాత్రి దాన్ని నడిపే మనిషి ఉండటం వేరు. ఓపీ చీటీ రాసే ఉద్యోగి, సెక్యూరిటీ గార్డు, లిఫ్ట్ ఆపరేటర్, పారిశుద్ధ్య కార్మికులు లేకుండా చేసే డ్రిల్ సగం డ్రిల్లే.

పీపీఈ కిట్ తొడుక్కోవడం కన్నా విప్పడం కష్టం. కిట్ పైన ఉన్న క్రిములు చేతికి, ముఖానికి అంటుకునేది అప్పుడే. అందుకే శిక్షణలో గ్లోవ్స్‌కు అతినీలలోహిత కాంతిలో మెరిసే పదార్థం పూసి, కిట్ విప్పించి, ఆ దీపం కింద చూస్తారు. మెడ మీదో, మణికట్టు మీదో మెరుపు కనిపిస్తే ఎక్కడ పొరపాటు జరిగిందో తెలిసిపోతుంది. ఇది అసలు రోగి వచ్చాక నేర్చుకునేది కాదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వలేం కదా!

కాబట్టి ‘మా డ్రిల్‌లో ఒక్క లోపమూ దొరకలేదు’ అని ఏ ఆసుపత్రైనా చెబితే సంబరపడాల్సిన పనిలేదు. లోపం దొరకాలి, దాన్ని సరిదిద్దాలి, మళ్లీ డ్రిల్ చేసి చూడాలి.

ఇందులో మీ వంతు

కొత్త వైరసే రానక్కర్లేదు. తట్టునే తీసుకోండి. ఆ రోగి వెళ్లిపోయాక కూడా గది గాలిలో వైరస్ 2 గంటల దాకా ఉండగలదు. తట్టు నుంచి కాపాడే ఎంఆర్ టీకా మొదటి డోసు 9 నెలలు నిండాకే వేస్తారు. అంతకన్నా చిన్న పిల్లలు ఆ ఓపీ హాల్లోనే ఉండొచ్చు. అందుకే:

● జ్వరంతో పాటు దద్దుర్లు లేదా దగ్గు ఉంటే వరసలో నిలబడకముందే కౌంటర్‌లో చెప్పండి. మాస్కు పెట్టుకోండి.

● ఎక్కడికి వెళ్లొచ్చారు, ఇంట్లో ఇంకెవరికి జ్వరం ఉంది అని అడిగితే దాచకండి. ఎవరూ అడగకపోతే మీరే చెప్పండి.

● విడి గదికి పంపితే అవమానంగా భావించకండి. రోగి వెంట ఒక్కరే ఉండండి.

● పిల్లలకు ఎంఆర్ టీకా రెండో డోసు 16-24 నెలల మధ్య తప్పక వేయించండి.

● ఈసారి ఆసుపత్రిలో డ్రిల్ కనిపిస్తే దారి వదలండి. ‘ఏం లోపాలు దొరికాయి, సరిచేశారా?’ అని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.