చెయ్యి తీస్తే ఆరిపోయే మంట: పొయ్యి మార్చేముందు ఇయ్యి చూడండి

మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా సముద్రం పక్క ఊళ్లల్లో తిరిగేటప్పుడు నన్ను జనం అడిగేది పట్టాల గురించి, వలల గురించి, వేట నిషేధం డబ్బుల గురించి. ఆ తర్వాత ఎక్కువగా వినపడేది గ్యాస్ పొయ్యి గురించే. "అంటిస్తే అంటుకుంటాది, చెయ్యి తీస్తే ఆరిపోతాది. ఏందన్నా ఇది?" అంటారు. మెకానిక్ నెల్లూరు నుంచి రావాల. వచ్చినాయన రెండు నిమిషాలు చూసి, ఇది పనికిరాదు, కొత్తది కొనుక్కోండి అని పోతాడు. నేను ఇంజనీరింగ్ చదివినోణ్ణి కాదు. పని తెలిసినోళ్ల పక్కన కూర్చుని, విప్పి చూసి నేర్చుకున్నా. నేర్చుకున్నది నలుగురికీ పనికొస్తాదని ఇది రాస్తా ఉండా.

అన్నిటికంటే ముందు ఒక మాట. మంట ఆరిపోయినాక గ్యాస్ వాసన వస్తా ఉంటే మళ్లీ అంటించబాకండి. లైటు స్విచ్ వెయ్యబాకండి, వెలిగే లైటు ఆర్పబాకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి తీసుకుపోండి. వంట గ్యాస్ గాలికంటే బరువు. పైకి పోదు, నీళ్ల మాదిరి నేల మీద పరుచుకుంటాది, మూలల్లో నిలబడతాది. గాలిలో నూటికి రెండు పాళ్లు చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలతాది. వాసన పోకుంటే బయటికి వచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. గ్యాస్ లీకేజీ కోసమే పెట్టిన నంబరు అది, రాత్రయినా పగలైనా పలుకుతారు.

ఇప్పుడు అసలు సంగతి. పెద్ద మంటను అంటించేదానికి ఎప్పుడూ వెలుగుతా ఉండే చిన్న మంటను పైలట్ అంటారు. మన ఇళ్లల్లో మామూలు పొయ్యికి ఇది ఉండదు. హోటళ్లల్లో కొన్ని పెద్ద బర్నర్లకు, పాత రకం గ్యాస్ గీజర్లకు ఉంటాది. ఇప్పుడొచ్చే ఖరీదైన పొయ్యిల్లో కొన్నిటికి పైలట్ లేకపోయినా, బర్నర్ పక్కన మంటలోకి తల పెట్టుకుని చిన్న పిన్ను ఒకటి నిలబడి ఉంటాది. మెకానిక్కులు సెన్సార్ అంటారు, దాని అసలు పేరు థర్మోకపుల్. మంటకు కాపలా అదే.

అది పనిచేసేది ఎట్టంటే, రెండు రకాల లోహాలను ఒక కొన కాడ కలిపి, ఆ కొనను వేడి చేస్తే రవ్వంత కరెంటు పుడతాది. జర్మన్ శాస్త్రవేత్త థామస్ సీబెక్ 1821లో కనిపెట్టిన సంగతి ఇది. బ్యాటరీ అక్కర్లా, కరెంటు తీగ అక్కర్లా. ఒక వోల్టును నూరు భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలంత పుడతాది, అంతే. ఆ కాస్త కరెంటుతోనే లోపల ఒక చిన్న అయస్కాంతం గ్యాస్ దారిని తెరిచి పట్టుకుంటాది. తెరిచే బలం మాత్రం దానికి లేదు. నాబ్ వొత్తి మన చేత్తో మనం తెరవాల, అది పట్టుకోవాల. మంట ఆరితే పిన్ను చల్లారతాది, కరెంటు పోతాది, అయస్కాంతం వదిలేస్తాది, గ్యాస్ కట్టయిపోతాది.

అంటే చెయ్యి తీయగానే మంట ఆరిందంటే, పట్టుకోవాల్సిన అయస్కాంతానికి చాలినంత కరెంటు అందలేదని అర్థం. ఎందుకు అందలేదో వరసగా చూసుకుంటా పోదాం.

మొదటిది, చెయ్యి తొందరగా తీసేస్తా ఉండారేమో చూడండి. పిన్ను వేడెక్కాలంటే టైం కావాల. పొయ్యికైతే ఐదు పది సెకన్లు, పైలట్ ఉండే గీజర్‌కైతే అర నిమిషం దాకా వొత్తి పట్టుకోవాల. పదిండ్లల్లో రెండు మూడిండ్ల బాధ ఇక్కడే తీరిపోతాది.

రెండోది, పిన్ను తల మీద మసి, పొంగిన పాలు, కూర చిందిన జిగురు. దానికి తోడు మన కాడ ఉప్పు గాలి. రెగ్యులేటర్ కట్టేసి, బర్నర్ బాగా చల్లారినాక, పొడి గుడ్డతో తుడవండి. పోకుంటే సన్నటి గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. వంచబాకండి. పిన్ను తల మంట లోపల ఉండాల, పక్కకు జరిగితే వేడి తగలదు.

మూడోది, మంటే చిన్నదయిపోయి ఉంటాది. మంట నీలంగా, నిటారుగా నిలబడాల. పసుప్పచ్చగా, వాలిపోయి ఉంటే పిన్నుకు వేడి చాలదు. బర్నర్ మూత తీసి సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, సరిగ్గా కూర్చోబెట్టండి. లోపల గ్యాస్ వచ్చే సన్న బెజ్జాన్ని మాత్రం సూదితో పొడవబాకండి. బెజ్జం పెద్దదయితే గ్యాస్ ఎక్కువొస్తాది, మంట చెడిపోతాది.

నాలుగోది, అన్ని బర్నర్లూ నీరసంగా ఉంటే పొయ్యిని అనుమానించబాకండి. సిలిండర్ అయిపోవచ్చిందా, ట్యూబు మడత పడిందా, రెగ్యులేటర్ సరిగ్గా కూర్చుందా చూడండి. ట్యూబు ఐదేళ్లకొకసారి మార్చాల. తేదీ దాని మీదే అచ్చేసి ఉంటాది.

ఐదోది మా సముద్రం పక్కోళ్ల సొంత జబ్బు. పిన్ను నుంచి వచ్చే తీగ రెండో కొన లోపల వాల్వుకు తగులుకుని ఉంటాది. ఆ అతుకు కాడ ఉప్పు గాలికి చిలుం పడతాది. పుట్టిందే రవ్వంత కరెంటు, అది చిలుం కాడే ఆగిపోతాది. పిన్ను తళతళలాడతా ఉన్నా మంట నిలవదు. ఇది మెకానిక్ చెయ్యాల్సిన పని. ఆయన్ని "అతుకు శుభ్రం చేసి చూడు, తర్వాత పిన్ను మార్చి చూడు, ఆ తర్వాతే వాల్వు మాట" అని అడగండి. ఈ వరస తెలిసినోళ్ల చేత ఊరికే కొత్త పొయ్యి కొనిపించడం కష్టం.

గీజర్ సంగతి విడిగా చెప్పాల. అంటుకుని, కొంచేపు మండి, తర్వాత ఆరిపోతా ఉంటే అది రిపేరు కాకపోవచ్చు, హెచ్చరిక కావచ్చు. తలుపేసిన బాత్రూములో ప్రాణవాయువు తగ్గితే కొన్ని గీజర్లు వాటంతట అవే ఆరిపోతాయి. గాలి చాలకుండా మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడతాది. దానికి వాసన లేదు, రంగు లేదు. స్నానానికి పోయినోళ్లు అట్టే కూలిపోతారు. మంట ఆగడం లేదని సెన్సార్‌ను తప్పించి తీగ కలిపే మెకానిక్కులు కొందరు ఉండారు. ఆ పని చెయ్యనియ్యబాకండి. గీజర్‌ను బాత్రూము బయట, గాలి ఆడే చోట పెట్టించుకోండి.

ఇప్పుడు అసలు బాధ చెప్తా. పైన రాసిన కాపలా పిన్ను మత్స్యకార పాలెంలో, గిరిజన కాలనీలో ఎన్ని పొయ్యిలకు ఉండాదో చూడండి. తక్కువ ధర పొయ్యిల్లో అది ఉండదు. సిమ్‌లో పప్పు పెట్టి అక్క బయట చేపలు ఎండబెట్టుకుంటా ఉంటాది. మధ్యాహ్నం సముద్రం గాలి లేస్తాది, వాకిట్లోంచి నేరుగా పొయ్యి మీదకొస్తాది. సన్న మంట ఆరిపోతాది, గ్యాస్ మాత్రం వస్తానే ఉంటాది. ఒక్క గదే ఇల్లు, వంటా అందులోనే, నిద్రా అందులోనే. పిన్ను ఉండే పొయ్యికి మంట నిలవకపోతే విసుగొస్తాది. పిన్ను లేని పొయ్యికి మంట ఆరితే ప్రాణం మీదకొస్తాది.

అట్టాంటి ఇళ్లల్లో ఇప్పటికిప్పుడు చెయ్యగలిగింది కొంత ఉండాది. పొయ్యిని వాకిలికి ఎదురుగా పెట్టబాకండి. నేల మీద కాకుండా సిలిండర్ కంటే ఎత్తులో, బండ మీద పెట్టండి. గాలొచ్చే పక్క ఒక్కవైపే అడ్డం కట్టండి, చుట్టూ మూసెయ్యబాకండి. సిమ్‌లో పెట్టి పక్కకు పోబాకండి.

మిగతాది మాత్రం జనం చేతుల్లో లేదు. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. 2024లో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అన్నారు. కట్టెల పొగ నుంచి ఆడోళ్ల కళ్లకు, ఊపిరితిత్తులకు దక్కిన మేలు చిన్నదేం కాదు. కానీ సిలిండర్ లెక్క రాసుకున్నోళ్లు పొయ్యి లెక్క రాసుకోలేదు. జపాన్‌లో 2008 అక్టోబర్ నుంచి ఇళ్లల్లో వాడే గ్యాస్ పొయ్యి ప్రతి బర్నర్‌కూ, మంట ఆరితే గ్యాస్ కట్టయ్యే ఏర్పాటు ఉండాల్సిందేనని చట్టం చేసినారు. అక్కడ తప్పనిసరైంది ఇక్కడ ధనవంతుల వంటింటి సోకు ఎందుకవ్వాల?

నేను అడిగేది రెండే. ప్రభుత్వ పథకం కింద ఇచ్చే ప్రతి పొయ్యికీ ఈ కాపలా ఉండాల, ముందు గాలి ఎక్కువుండే తీరం ఊళ్లల్లో మొదలుపెట్టాల. రెండోది, ఏడాదికొకసారి ఏజెన్సీ మనిషి ఊరికొచ్చి ట్యూబు, రెగ్యులేటర్, బర్నర్ డబ్బు తీసుకోకుండా చూసిపోవాల. ఉప్పు గాలికి ఇనుము ఎంత తొందరగా తినిపోతాదో తీరంలో ఉండేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లా.

ఇంకొక మాట కూడా ఊళ్లో చెప్పండి. గ్యాస్ కనెక్షన్ ఉండే ఇంట్లో సిలిండర్ ప్రమాదం జరిగితే ఆయిల్ కంపెనీలు తీసుకున్న బీమా ఉండాది. మనం విడిగా ప్రీమియం కట్టక్కర్లా. మనిషి పోతే 6 లక్షలు, గాయాల వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా ఇస్తారు. ప్రమాదం జరిగితే ఏజెన్సీకి రాతపూర్వకంగా చెప్పాల, పోలీసులకు ఫిర్యాదు ఇయ్యాల, ఆస్పత్రి కాగితాలు జాగ్రత్త చెయ్యాల. ఐఎస్ఐ ముద్ర ఉండే ట్యూబు, పొయ్యే వాడండి, బిల్లు దాచిపెట్టండి. ఈసారి సిలిండర్ వచ్చినప్పుడు ట్యూబు మీద తేదీ చూసుకోండి. గడువు దాటి ఉంటే తెచ్చిన మనిషిని అక్కడే అడగండి.