తలకు దెబ్బ తగిలిన ఆటగాడు మరల మైదానమునకు వచ్చుట యెట్లు?

సాయంకాలపు గంట మ్రోగినతోడనే మా పిల్లలు చెడుగుడు బరికిని క్రికెట్టు మైదానమునకును పరుగులిడుదురు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఆటలయం దాసక్తిలేని గ్రామ మరుదు. పెన్న యెండిన దినములలో ఆ యిసుకతిన్నెలే పిల్లలకు క్రీడాస్థలము లగును. మోకాలు చీరుకొనిపోయినను, వ్రేలు బెణకినను ఆటగాడు లెక్కచేయడు. ఆ ధైర్యమును మేమును మెచ్చుకొనువారమే. కాని తలకు దెబ్బ తగిలినప్పుడు ఆ ధైర్యము పనికిరాదు. ఈ సంగతి మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి.

కొన్నియేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి బాలు డొకడు చెడుగుడులో కూతకు పోయి, ఎదుటిపక్షమువారు పట్టుకొనగా, తల ఒకని మోకాలికి తాకి క్రిందబడెను. స్మృతి తప్పలేదు, నెత్తురు కారలేదు. ముఖము కడిగి సోడా త్రాగించితిమి. “బాగున్నాను సార్” అనెను. మరల ఆడనిచ్చితిమి. ఆ సాయంకాలమే వాడు తాను నిత్యము ఎక్కు బస్సును గుర్తింపలేక బస్సుస్టాండులో నిలిచి వాంతి చేసికొనెను. ఆసుపత్రిలో పరీక్షించి ప్రాణభయము లేదనిరి. అంతట మేము రెండవ తప్పు చేసితిమి. పూర్తిగా నెమ్మదించువరకు వానిని చీకటిగదిలో కదలక పరుండబెట్టుడని తల్లిదండ్రులకు చెప్పితిమి. మూడువారములు గడచినను తలనొప్పి పోలేదు సరికదా, నిద్ర చెడెను, దిగులు పట్టెను. పిదప చూచిన వైద్యుడు “ఈ పిల్లవానిని లేపి నడిపింపుడు” అనెను. మొదట విశ్రాంతి లేకయు, పిదప విశ్రాంతి మితిమీరియు, రెండు విధముల మా చేతనే వానికి కీడు కలిగెను. ఇతరు లట్లు పొరపడకుండుటకే యీ వ్యాసము.

మెదడు అదరుట యనగా నేమి?

దీనిని వైద్యులు కంకషను అందురు. మనము మెదడదురు అనుకొందము. మెదడు పుఱ్ఱెలోపల పలుచని ద్రవమునడుమ మెత్తగా నున్నది. పెరుగుముంతను ఒక్కసారిగా కుదిపిన ముంత పగులకపోయినను లోని పెరుగు చెదరును గదా! అట్లే తలకుగాని, మెడకుగాని, మొండెమునకుగాని బలమైన దెబ్బ తగిలినప్పుడు పుఱ్ఱె పగులకయే మెదడు కుదుపునకు లోనగును. నరముల సన్నని పోగులు సాగును. లోనుండవలసిన పొటాషియము వెలికి పోవును. వెలినుండవలసిన కాల్షియము లోనికి వచ్చును. వీనిని మరల యథాస్థానమునకు చేర్చుటకు మెదడునకు మిక్కిలి శక్తి కావలెను. సరిగా ఆ సమయముననే మెదడునకు రక్తప్రసారము తగ్గవచ్చును. వేసవిలో పైరునకు నీరు మిక్కిలి కావలసినప్పుడే బావి యింకిపోయినట్టిది యీ స్థితి.

ఇది పనిలోని చెడుపే కాని ఆకారములోని చెడుపు కాదు. కాబట్టి సి.టి. స్కానులో మెదడదురు సాధారణముగా కనబడదు. స్కాను తీయుట రక్తస్రావము, ఎముక పగులుట మొదలగు పెద్ద యపాయములు లేవని తెలిసికొనుటకే. “స్కాను బాగున్నది, రేపు ఆడవచ్చును” అనుట పొరపాటు. స్మృతి తప్పనందున మెదడదురు కలుగలేదనుటయు పొరపాటే. ఇది కలిగినవారిలో అధికులకు స్మృతి తప్పదు.

వెంటనే చేయవలసినది

తలనొప్పి, తల తిరుగుట, వికారము, చూపు మసకబారుట, వెలుతురును సందడిని సహింపలేకుండుట, మాటలు మందగించుట, అడిగినదానినే మరల అడుగుట, కారణము లేక యేడ్చుట, కోపించుట—ఇవి గుఱుతులు. వీనిలో ఏ యొక్కటి కనబడినను ఆటగాని నా దినమున మరల ఆడనీయరాదు. గుఱుతులు కొన్ని గంటలకు, ఒక్కొక్కప్పుడు మరునాడు, బయటపడవచ్చును. 2019 ఆగస్టులో లార్డ్సు మైదానమున ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్తునకు మెడయొద్ద బంతి తగిలెను. పరీక్షలో నెగ్గి అతడు మరల బ్యాటు పట్టెను. మరునాడు ఉదయము మబ్బుగా నున్నదని చెప్పగా, ఆటనుండి తప్పించి లబుషేన్‌ను అతనికి బదులుగా ఆడించిరి. అంతటి వైద్యసహాయ మున్నచోటనే అట్లు జరిగినప్పుడు, మన మైదానములో “బాగున్నాను సార్” అను మాట నెట్లు నమ్మవచ్చును?

తలనొప్పి క్రమముగా హెచ్చుట, మాటిమాటికి వాంతులు, మూర్ఛ, కాలుసేతులు పట్టుదప్పుట, ఒకటి రెండుగా కనబడుట, మెడనొప్పి, మత్తు పెరుగుట, ముక్కునుండిగాని చెవినుండిగాని నెత్తురో నీరో కారుట—ఇవి ప్రమాదసూచనలు. అప్పుడు దిష్టి తీయుచు, ఉల్లిపాయ వాసన చూపుచు కాలము గడుపక 108కి పిలువవలెను. మెడనొప్పి యున్నవానిని లేవనెత్తి నడిపింపరాదు. ప్రొద్దుటూరి జిల్లా ఆసుపత్రికో, కడప పెద్దాసుపత్రికో ఆలస్యము లేక చేర్చవలెను.

2020 డిసెంబరు 11వ తేదీన సిడ్నీలో జరిగిన సంగతి మన బాలురు నేర్చుకొనదగినది. బుమ్రా కొట్టిన బంతి నేరుగా బౌలరు కామెరాన్ గ్రీను తలకు తగిలెను. ఎదుటి కొసను నిలిచియున్న మన హైదరాబాదు ఆటగాడు మహమ్మద్ సిరాజు పరుగుకొఱకు చూడక, బ్యాటు నేలవిడిచి ప్రత్యర్థియొద్దకు పరుగెత్తెను. గ్రీను ఆ యాటనుండి తప్పింపబడెను. అతడు ఆరు దినములకే టెస్టుపోటీలో ఆడినమాట నిజమే. కాని అతనిని దినదినము చూచుటకు వైద్యులుండిరి. మన పిల్లలకు ఆ సదుపాయము లేదు గనుక మన మింకను నెమ్మదిగా నడువవలెను.

విశ్రాంతి యెంత, వ్యాయామ మెంత?

పూర్వము వైద్యులే గుఱుతులన్నియు పోవువరకు పూర్ణవిశ్రాంతి నియమించెడివారు. ఇప్పు డా యభిప్రాయము మారినది. 2015లో ప్రకటింపబడిన అమెరికాదేశపు పరిశోధన యొకదానిలో, ఐదుదినములు కఠినవిశ్రాంతి నియమింపబడిన పిల్లలు, ఒకటి రెండు దినములే విశ్రమించినవారికంటె ఎక్కువ బాధలు చెప్పిరి. 2019లో బఫెలో విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ లెడ్డీ మున్నగువారు, 13 మొదలు 18 ఏండ్ల వయస్సుగల 103 మంది ఆటగాండ్రను రెండు తెగలుగా విభజించిరి. ఒక తెగ గుండెవేగమును మితముగా హెచ్చించు వ్యాయామమును, రెండవ తెగ కేవలము ఒళ్లు సాచు వ్యాయామమును చేసెను. మొదటివారు కోలుకొనుటకు మధ్యస్థముగా 13 దినములును, రెండవవారికి 17 దినములును పట్టెను. మిత వ్యాయామముచే మెదడు రక్తప్రసారమును సరిదిద్దుకొను శక్తి కుదుటపడునని వారి యూహ. నిద్రకును మనస్సునకును గూడ అది మేలు చేయును.

2022 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డాములో కూడిన నిపుణులసభ యీ విషయమున నియమము లేర్పరచెను. మొదటి 24 మొదలు 48 గంటలు మితవిశ్రాంతి. అనగా ఇంట తిరుగుట, కొంచెము నడచుట మంచిదే. సెల్‌ఫోను, టీవీ మాత్రము తగ్గింపవలెను. పిదప ఆరు మెట్లు; మెట్టునకు మెట్టునకు నడుమ కనీస మొక దినము.

మొదటి మెట్టు: నిత్యకృత్యములు, కొద్దిపాటి నడక.

రెండవ మెట్టు: మొదట వడినడక, పిదప నెమ్మది పరుగు. 220లో వయస్సును తీసివేయగా మిగిలినది గుండె కొట్టుకొను గరిష్ఠవేగమని స్థూలముగా చెప్పుదురు. 15 ఏండ్ల బాలునికి అది 205. మొదట నందులో నూటికి 55 పాళ్లు, అనగా నిమిషమునకు సుమారు 113. పిదప నూటికి 70 పాళ్లు, అనగా సుమారు 143 మించరాదు.

మూడవ మెట్టు: ఒంటరిగా పరుగు, మలుపులు, తలకు దెబ్బ తగులు అవకాశ మేమాత్రము ఉండరాదు.

నాలుగవ మెట్టు: తోటివారితో సాధన, కాని ఒకరి నొకరు పట్టుకొనరాదు.

ఐదవ మెట్టు: వైద్యుని యనుమతిపై పట్టులతో కూడిన పూర్ణసాధన.

ఆరవ మెట్టు: పోటీ ఆట.

మొదటి మూడు మెట్లలో కొద్దిపాటి తలనొప్పి హెచ్చినను భయము లేదు. బాధను సున్న మొదలు పదివరకు అంకెలతో చెప్పించి, మునుపటికంటె రెండంకెలకు మించి హెచ్చినయెడల ఆపి, మరునాడు మరల ప్రయత్నింపవలెను. నాలుగవ మెట్టు ఎక్కుటకు మాత్రము బాధ లన్నియు పోయి, శ్రమపడినను మరల రాకుండవలెను. ఆపైని వచ్చినచో మూడవ మెట్టునకు దిగవలెను. బ్రిటనులో 2023లో సామాన్య క్రీడాకారులకై వెలువడిన నియమములు 21వ దినమునకు ముందు పోటీ ఆట కూడదని చెప్పుచున్నవి. మన పాఠశాలలకు ఆ గడువు అనుకూలమని మా యభిప్రాయము. ఇంత జాగ్రత్త యెందుకనగా, మొదటి యదురు మానకముందే రెండవ దెబ్బ తగిలిన, అరుదుగానైనను లేతవయస్సువారి మెదడు వాచి ప్రాణాపాయము కలుగవచ్చును.

తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును మనవి

చదువు ఆటకంటె ముందు రావలెను. రెండు దినముల పిమ్మట బాలుని బడికి పంపవచ్చును. ఉపాధ్యాయులు పరీక్షల బరువును తగ్గించి, నడుమ విశ్రాంతి నొసగవలెను. అధికులు 10 దినములలోగా యథాప్రకారము చదువగలరు. నాలుగువారములు గడచినను బాధలున్నచో వైద్యునికి మరల చూపవలెను. వైద్యుని నడుగక మాత్రలు మ్రింగింపరాదు. సైకిలుపై రోడ్డుకు పంపరాదు. వైద్యుడు చూచినపిమ్మట బిడ్డ నిద్రించుట మేలే. మొదటి రాత్రి మాత్ర మెవరైన ప్రక్కనుండి కనిపెట్టవలెను.

మా బాలుని సంగతి చెప్పి ముగింతుము. వైద్యుని మాటపై వాడు మొదట తండ్రితోకూడ చేనిగట్టున పది నిమిషములు నడిచెను. వారమునకు అరగంట నడువగలిగెను. రెండునెలలకు మరల బరిలో నిలిచెను. అంతేకాదు, ఆ యేడు వాని జట్టులో ఒకడు పడి తల పట్టుకొనగా, మేము ఈల వేయకముందే వాడే చేయియెత్తి ఆట నాపెను. “వీడు బాగున్నానంటాడు సార్, నమ్మవద్దు” అనెను. విద్యార్థులారా! తోటివాని దెబ్బను దాచుట స్నేహము గాదు; చెప్పుటయే స్నేహము. ఆనాడు మేము చేయవలసియుండి చేయని పనిని వాడు చేసినాడు. వానికి మేము గురువులమే గాని, ఆ పాఠమున వాడే మాకు గురువు.